బజారుకు దారి
(సంస్థ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహ్. 

"మాస్టారూ, జీవితమంతా లెక్కలు చెప్పారు కదా, ఈసారి మన సభలో ఒక లెక్క చెప్పండి" అని కార్యదర్శి గారు పిలిచారు. డబ్బు లెక్క కోశాధికారి గారు ఇప్పుడే చెప్పారు. ఎన్ని రేషన్ కిట్లు, ఎన్ని దుప్పట్లు, ఖుర్బానీ మాంసం ఎన్ని ఇళ్ళకు చేరిందీ అన్నీ మీరు విన్నారు. ఆయన లెక్కలో ఒక్క పైసా తేడా లేదు. నేను చెప్పబోయేది ఆ పుస్తకంలోకి ఎక్కని లెక్క. అందులో నా తప్పు ఒకటి ఉంది. ముందు దాన్నే చెబుతాను.

రిటైరయ్యాక నేను మన నల్లగొండ వదిలి హైదరాబాదులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నానని మీకు తెలుసు. ఇల్లు షాహీన్ నగర్ వైపు. అక్కడికి దగ్గర్లోనే బాలాపూర్, రాయల్ కాలనీ చుట్టుపక్కల రోహింగ్యా శరణార్థుల బస్తీలు ఉన్నాయి. వెదురు కర్రలు, రేకులు, టార్పాలిన్ పట్టాలతో కట్టుకున్న ఇళ్ళు. రమజాన్‌లో మీరు పంపే కిట్లు పంచేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నాలుగేళ్ళ క్రితం అలా పంచుతుంటే పదహారేళ్ళ కుర్రాడొకడు వాళ్ళమ్మ కిట్టు భుజాన వేసుకొని, వెళ్ళకుండా నిలబడ్డాడు. ఇంకో కిట్టు అడుగుతాడేమో అనుకున్నాను. "సార్, బడి మానేసిన వాళ్ళు పదో తరగతి పరీక్ష రాయొచ్చట కదా, ఆ ఫారం ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు, ఉర్దూలో.

ముప్పై ఏళ్ళు ప్రభుత్వ బడిలో పనిచేసిన నాకు ఆ క్షణంలో సరైన సమాధానం తట్టలేదు. "వచ్చే ఆదివారం చెబుతాలే" అన్నాను.

ఆ రాత్రి నాకు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) సంఘటన గుర్తుకొచ్చింది. మీరందరూ ఎన్నోసార్లు విన్నదే. మక్కాలో ఆస్తిపాస్తులన్నీ వదులుకొని ముహాజిర్లు మదీనాకు చేరినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఒక్కొక్క ముహాజిర్‌ను ఒక్కొక్క అన్సారీకి సోదరుడిగా జతచేశారు. అబ్దుర్రహ్మాన్ (రజి) గారికి హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) సోదరుడయ్యారు. అన్సార్లలో ధనవంతుడైన సఅద్ (రజి) తన ఆస్తిలో సగం తీసుకోమన్నారు. ఈయన ఆయన కోసం బరకత్ దువా చేసి, నాకు బజారు ఎటో చూపండి చాలునన్నారు. బనూ ఖైనుఖా బజారు చూపించారు. నెయ్యి, ఎండబెట్టిన జున్ను అమ్మడంతో మొదలుపెట్టి, తర్వాతి కాలంలో మదీనాలోని సంపన్నుల్లో ఒకరయ్యారు.

మనం ఈ సంఘటన చెప్పినప్పుడల్లా ఒకరి ఔదార్యాన్నీ మరొకరి ఆత్మాభిమానాన్నీ పొగిడి ఆగిపోతాం. ఆ రాత్రి నాకు ఇంకో మాట తోచింది. వచ్చినవాడికి వ్యాపారం తెలుసు, కష్టపడే ఒళ్ళు ఉంది. తెలియనిదల్లా బజారుకు దారి. ఆ దారి తెలిసింది ఊరివాళ్ళకే. నన్ను అడిగిన కుర్రాడు కూడా అదే అడిగాడు. కిట్టు తీసుకొని, బజారు ఎటు సార్ అన్నాడు.

ఇక నా తప్పు సంగతి. మన జిల్లా నుంచి వెళ్ళి హైదరాబాదులో డిగ్రీ, ఇంజనీరింగ్, బీఎడ్ చదువుకుంటున్న పిల్లలకు కబురు పెట్టాను. ఆదివారానికి పన్నెండు మంది వచ్చారు. నోటు పుస్తకాలు, పెన్నులు, ఒక నల్లబల్ల కూడా తెచ్చారు. ఫోటోలు తీసుకున్నారు. బస్తీ పిల్లలు గుంపులుగా చేరారు. నాకైతే పండగలా అనిపించింది. నాలుగు వారాలు గడిచేసరికి సెమిస్టర్ పరీక్షలొచ్చి ఐదుగురు మిగిలారు. ఆ తర్వాత ఇద్దరు. ఆ తర్వాత నాకే మోకాలి నొప్పి. రెండు ఆదివారాలు మేమెవ్వరం వెళ్ళలేదు. మూడో వారం నల్లబల్ల తెచ్చుకుందామని వెళ్ళాను. ఆ కుర్రాడు ఉతికిన చొక్కా వేసుకొని, పుస్తకం ఒళ్ళో పెట్టుకొని, రేకుల గది గుమ్మంలో ఒక్కడే కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేచి సలాం చేసి, "సార్, మా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?" అని అడిగాడు.

ఆ ఏడాది పరీక్ష ఫీజు గడువు కూడా దాటిపోయింది. గడువు గుర్తుపెట్టుకోవలసింది నేను. అతను కాదు.

సోదరులారా, ఆ మాట మీతో ఎందుకు చెబుతున్నానో అర్థం కావాలంటే వాళ్ళెవరో ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. రోహింగ్యాలు మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రానికి చెందినవాళ్ళు. 1982లో ఆ దేశం చేసిన పౌరసత్వ చట్టం 135 జాతులను గుర్తించే పద్ధతిలో అమలై, వీళ్ళను బయట వదిలేసింది. తాతల కాలం నుంచి దున్నుకుంటున్న నేల మీదే పరాయివాళ్ళయ్యారు. 2012లో అల్లర్లు జరిగి లక్షకు పైగా జనం శిబిరాల పాలయ్యారు. 2017 ఆగస్టు 25 తర్వాత సైన్యం జరిపిన దాడులతో ఏడు లక్షల మందికి పైగా సరిహద్దు దాటి బంగ్లాదేశ్ చేరారు. మన దేశంలో దాదాపు 40 వేల మంది ఉంటారని 2017లో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. వారిలో కొన్ని వేల మంది హైదరాబాదులో, ముఖ్యంగా పాతబస్తీ దక్షిణపు అంచున ఉంటున్నారు.

1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. శరణార్థులకంటూ మనకు ప్రత్యేక చట్టమూ లేదు. వీళ్ళ చేతిలో ఉన్నది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు. అది వాళ్ళెవరో చెబుతుంది. బ్యాంకు ఖాతా తెరవదు, ఉద్యోగం ఇప్పించదు. మగవాళ్ళలో చాలామందికి పాత సామాను, ప్లాస్టిక్ సీసాలు ఏరి అమ్మడం, అడ్డా మీద నిలబడి కూలికి పోవడమే బతుకుతెరువు.

పిల్లల చదువు విషయంలో చట్టం కొంత అండగానే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ వర్తిస్తుంది. వయసు ధ్రువపత్రం లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని అందులోనే ఉంది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల సంగతి సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, ముందు ప్రభుత్వ బడులకే వెళ్ళి ప్రవేశం అడగాలని, అర్హత ఉండీ నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్ళవచ్చని చెప్పింది. అంటే చిన్నపిల్లల ముందు ఒక తలుపు ఉంది. తట్టేవాళ్ళుంటే తెరుచుకుంటుంది.

పద్నాలుగు దాటినవాళ్ళ సంగతే కష్టం. పుట్టిన ఊళ్ళో సగం చదువు, దారిలో రెండు మూడేళ్ళు ఏ చదువూ లేదు, ఇక్కడికొచ్చాక కొత్త భాష, కొత్త లిపి. పన్నెండేళ్ళవాణ్ణి నాలుగో తరగతి పిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుపడి మానేస్తాడు. ఎనిమిదో తరగతి దాకా ఎలాగోలా లాక్కొచ్చినవాడు పదిహేనో ఏట గోనెసంచి భుజాన వేసుకుంటాడు. ఆడపిల్లయితే ఇంట్లోనే ఉండిపోతుంది. మన రేషన్ కిట్టు ఆ ఇంటికి క్రమం తప్పకుండా చేరుతూనే ఉంటుంది. ఆ పిల్ల లోపల కూర్చున్న సంగతి మన రిజిస్టర్లో ఎక్కడా ఉండదు.

అందుకే మరుసటి ఏడాది మళ్ళీ మొదలుపెట్టినప్పుడు పద్ధతి మార్చాము. పన్నెండు మందిని పిలవలేదు. "ఒక్క ఏడాది, వారానికి ఒక్క పూట, వస్తామంటే తప్పకుండా రావాలి, రాలేకపోతే ముందు రోజే ఫోన్ చేయాలి" అన్నాము. ఆరుగురు మిగిలారు. ఒక్కొక్కరికి ఇద్దరేసి పిల్లల్ని అప్పగించాము. పాఠం చెప్పడం అందులో సగం పనే. మిగతా సగం తోడుగా ఉండడం. అందుకే వాళ్ళను టీచర్లు అనకుండా తోడు అంటున్నాము. పిల్లలు మాత్రం భాయ్ అనీ బాజీ అనీ పిలుస్తారు.

ఈ పనిలో మన పిల్లలకు ఒక ప్రత్యేకమైన అర్హత ఉందని నాకు ముందు తెలియదు. రోహింగ్యా పిల్లల మాతృభాష చాట్‌గావ్ వైపు మాటలకు దగ్గరది. హైదరాబాదు గల్లీల్లో తిరిగి ఉర్దూ పట్టేశారు. పరీక్షలో వాళ్ళకు కొరకరాని కొయ్య తెలుగు. 2018లో తెలంగాణ చట్టం చేసి పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి చేసింది. బస్తీలో ఇరుగుపొరుగు అంతా ఉర్దూవాళ్ళే. తెలుగు అడిగితే వాళ్ళే తడుముకుంటారు. మిర్యాలగూడ నుంచి వచ్చిన మన కుర్రాడొకడు తెలుగు మీడియంలో చదివాడు. కాలేజీలో అతని ఉర్దూ విని తోటివాళ్ళు నవ్వేవారట. నోరు విప్పడానికే జంకేవాడు. బస్తీలో అతని తెలుగే అందరికీ కావలసిన వస్తువైంది. దీర్ఘానికీ హ్రస్వానికీ తేడా, ఒత్తు ఎక్కడ పడుతుంది, దుకాణాల బోర్డులు చదవడం, అన్నీ నేర్పించాడు. బదులుగా ఆ పిల్లలు అతని ఉర్దూ సరిచేశారు. ఒకరోజు వాళ్ళలో ఒకడు ఫోనులో తమ రోహింగ్యా లిపి చూపించాడట. 1980లలో తయారైన ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి చేరింది. కుడి నుంచి ఎడమకు రాస్తారు. తన పేరు ఆ లిపిలో రాయించుకొని మన కుర్రాడు దాన్నే ఫోను తెర మీద పెట్టుకున్నాడు. ఎవరు ఎవరికి నేర్పుతున్నారో చెప్పడం నాకు కష్టమైంది.

నా వాటా లెక్కలు. నన్ను ఫారం అడిగిన కుర్రాడు స్క్రాప్ గోదాంలో కాటా దగ్గర పనిచేసేవాడు. ఇనుము కిలో ఎంత, అట్ట కిలో ఎంత, ఏడు కిలోల మూడు వందల గ్రాములకు ఎంత అంటే నేను కాగితం తీసేలోపే చెప్పేవాడు. దశాంశం అంటే మాత్రం తెల్లమొహం వేశాడు. "నువ్వు రోజూ చేసేది అదేరా" అని కాటా మీదే చూపించాను. బడి ఎవరికి ఏమి రాదో కొలుస్తుంది. పక్కన కూర్చునేవాడుంటే అతనికి ఏమి వచ్చో ముందు కనిపెడతాడు. వచ్చినదాని మీదే రానిది కట్టాలి.

ఆడపిల్లల సంగతి వేరు. దేవరకొండ అమ్మాయి ఒకరు డిగ్రీ చదువుతూ మాతో వస్తోంది. పదిహేనేళ్ళ పిల్లను చదివిస్తానంటే వాళ్ళమ్మ తలుపు దగ్గరే నిలబెట్టి, వద్దంది. మన అమ్మాయి వాదించలేదు. మూడు వారాలు ఆ తల్లి దగ్గరే కూర్చొని వచ్చింది. ఆ తల్లికి ఏదో దీర్ఘకాలపు జబ్బు. ఆసుపత్రిలో ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో, ఏ గదికి పొమ్మన్నారో తెలియక రెండుసార్లు వెనక్కి వచ్చేసిందట. నాలుగో వారం ముగ్గురూ కలిసి వెళ్ళారు. దారి పొడవునా ఆ పిల్ల చేత బస్సు బోర్డులు చదివించింది. మొదటి పాఠం అదే.

ఆ ప్రయాణంలో జరిగిన ఒక చిన్న సంగతి మన అమ్మాయి నాకు చెప్పింది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం కదా. మన అమ్మాయి తన గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంది. పక్కనున్న పిల్లకు చూపించడానికి ఏమీ లేదు. డబ్బులిచ్చి టికెట్ కొనుక్కుంది. కండక్టర్ తప్పేమీ లేదు, ఆయన పని ఆయన చేశాడు. ఇద్దరి చేతుల్లో రెండు రకాల టికెట్లు. "సార్, శరణార్థి అంటే ఏమిటో నాకు ఆ బస్సులో అర్థమైంది" అంది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఇప్పుడు ఆ పదిహేనేళ్ళ పిల్ల పక్కింటి ఆడవాళ్ళను తనే ఆసుపత్రికి తీసుకెళ్ళి చీటీ రాయించి తెస్తోంది. తల్లి చదువుకు ఒప్పుకుంది.

మంచి మనసు ఒక్కటే ఈ పనికి చాలదని మాకు దెబ్బలు తగిలాకే తెలిసింది. అందుకే కొన్ని నియమాలు పెట్టుకున్నాము. ఇద్దరు కలిసే వెళ్ళాలి. ఆడపిల్లల దగ్గరికి ఆడపిల్లలే వెళ్ళాలి, ఇంట్లో తల్లి ఉండగానే కూర్చోవాలి. "మీ ఊళ్ళో ఏం జరిగింది, ఎలా తప్పించుకున్నారు" అని మనంతట మనం అడగకూడదు. వాళ్ళే చెబితే విని, ఆ మాట అక్కడే వదిలి రావాలి. ఫోటోలు తీయకూడదు, ఎక్కడా పెట్టకూడదు. ఉద్యోగం ఇప్పిస్తామనీ, విదేశం పంపిస్తామనీ ఆశ పెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి ఉంది. ఆధార్ కార్డో ఓటరు కార్డో "ఎలాగోలా" చేయిద్దామన్న ఆలోచన కలలోకి కూడా రాకూడదు. జాలిపడి తెలిసినవాళ్ళ చిరునామాతో ఒక కార్డు పుట్టిస్తే, రేపు కటకటాల వెనక్కి వెళ్ళేది ఆ పిల్లవాడే. చట్టపరమైన సమస్య ఏది వచ్చినా వకీళ్ళకు, శరణార్థుల సంస్థ మనుషులకు చేరవేయాలి. చివరి నియమం, ఏడాది పూర్తయి వెళ్ళిపోయేటప్పుడు నెల ముందే చెప్పి, కొత్త తోడును వెంటబెట్టుకొచ్చి పరిచయం చేసి వెళ్ళాలి. చెప్పకుండా మాయమయ్యేవాళ్ళను ఆ పిల్లలు ఇప్పటికే చాలామందిని చూశారు.

ఇలా విద్యార్థులు శరణార్థులకు తోడు నిలవడం మనం కనిపెట్టిన కొత్త పని కాదు. కెనడాలో 1978 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. చాలా కాలేజీల్లో విద్యార్థులు తమలో తాము ఓటు వేసుకొని తలా ఒక చిన్న మొత్తం తమ ఫీజులో కలుపుకుంటారు. ఆ డబ్బుతో శరణార్థి శిబిరాల నుంచి తమ ఈడు పిల్లల్ని తమ కాలేజీకే తెచ్చుకొని చదివిస్తారు. విమానాశ్రయంలో ఎదురెళ్ళి తెచ్చుకోవడం, బ్యాంకు ఎక్కడో, చలికోటు ఎక్కడ కొనాలో చూపించడం, అన్నీ వాళ్ళే చూసుకుంటారు. బ్రిటన్‌లో 1994 నుంచి విశ్వవిద్యాలయ విద్యార్థుల బృందాలు శరణార్థులకు ఇంగ్లీషు నేర్పుతూ కబుర్లు చెప్పుకుంటూ తోడుంటున్నాయి. వాళ్ళ ప్రభుత్వాలు, చట్టాలు వేరు. మన దగ్గర అంత వెసులుబాటు లేదు. ఒక ఈడు పిల్లవాడు తన ఈడు పిల్లవాడి పక్కన కూర్చోవడానికి మాత్రం ఏ దేశంలోనైనా ఒకే చాప సరిపోతుంది.

మీలో కొందరి మనసులో రెండు ప్రశ్నలు ఉంటాయి. మర్యాద కొద్దీ అడగరు. నేనే చెబుతాను.

మొదటిది, మన ఊరి పేదలు లేరా? ఉన్నారు. వాళ్ళ పద్దులోంచి ఒక్క రూపాయి తీసి ఇటు పెట్టమని నేను అడగను. మన ఊరి పేదబిడ్డకు గురుకులం ఉంది, స్కాలర్‌షిప్ ఉంది, రేషన్ కార్డు ఉంది. అవి అందకపోతే నిలదీసే హక్కు కూడా ఉంది. ఈ పిల్లవాడికి దారి అడగడానికి మనం తప్ప ఎవరూ లేరు. పైగా బస్తీకి వెళ్ళొచ్చిన మన విద్యార్థులే సెలవులకు ఊరొచ్చినప్పుడు మన మస్జిద్ వెనక వీధి పిల్లలకు ఫారాలు నింపి పెడుతున్నారు. అలవాటైన చెయ్యి ఆగదు.

రెండోది, రేపు ప్రభుత్వం వాళ్ళను పంపించేస్తే ఈ చదువంతా వృథా కదా? ఎవరు ఉండాలో ఎవరు వెళ్ళాలో తేల్చేది ప్రభుత్వాలూ న్యాయస్థానాలూ. ఆ తీర్పు మన చేతిలో లేదు. అది తేలేదాకా పిల్లవాడి వయసు ఆగదు. పదిహేడో ఏడు ఎవరికైనా ఒక్కసారే వస్తుంది. వాళ్ళలో పెద్దవాళ్ళను అడగండి, గౌరవంగా బతకనిస్తే రేపే మా ఊరికి పోతాం అంటారు. ఆ రోజు వస్తే ఆ పిల్లవాడు రేకులు, టార్పాలిన్ ఇక్కడే వదిలేసి వెళతాడు. చదువు మాత్రం తనతోనే వెళుతుంది.

బాలాపూర్ వెళ్ళే దారిలో బార్కస్ ఉంది. రమజాన్‌లో అక్కడి హరీస్ కోసం నిలబడినవాళ్ళు మీలో ఉన్నారు. ఆ పేరు బ్యారక్స్ నుంచి వచ్చింది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు అక్కడ స్థిరపడ్డారు. ఒకప్పుడు వాళ్ళూ కొత్తవాళ్ళే. ఇవాళ వాళ్ళ వంట లేకుండా హైదరాబాదు రమజాన్ లేదు.

ఇక నా అభ్యర్థన. రేషన్ కిట్లు ఆపమని అనడం లేదు. సఅద్ (రజి) ముందు సగం ఆస్తి ఇస్తానన్నారు కాబట్టే అబ్దుర్రహ్మాన్ (రజి) నిస్సంకోచంగా బజారు ఎటని అడగగలిగారు. ఆకలితో ఉన్నవాడు ఫారం అడగడు. కిట్టు అలాగే వెళ్ళనివ్వండి. దానికి తోడుగా నాలుగు అడుగుతున్నాను.

ఒకటి, విద్యార్థుల బస్సు చార్జీలు, పిల్లల పరీక్ష ఫీజులు, పుస్తకాలు. పెద్ద మొత్తం కాదు. క్రమం తప్పకుండా ఏడాది పొడవునా రావాలి. ఈ ఖర్చులో ఏది జకాత్‌కు తగినదో, ఏది కాదో ఉలమాలు తేల్చాలి. అందాకా సదఖాగానే, విడి పద్దులో ఇవ్వండి. రెండు, బస్తీకి దగ్గర్లో ఒక గది అద్దె. వాన పడితే ఇప్పుడు మా పాఠం ఆగిపోతోంది. మూడు, ఫోటో అడగకండి. మీ డబ్బు ఎవరికి చేరిందో లెక్క చూపిస్తాము, ముఖం చూపించము. ఆ పిల్లలు భద్రంగా ఉండాలంటే అదే మంచిది. ఈ సావనీరులో మా పేజీలో బొమ్మ లేకపోవడానికి కారణం అదే. నాలుగోది అన్నిటికంటే ఖరీదైనది. హైదరాబాదులో చదువుకుంటున్న మీ అబ్బాయినో అమ్మాయినో ఒక్క ఏడాది, వారానికి ఒక్క పూట ఇవ్వండి. మార్కులు తగ్గుతాయని భయపడకండి. వచ్చిన ఆరుగురిలో ఎవరికీ తగ్గలేదు. మిర్యాలగూడ కుర్రాడు ఇప్పుడు కాలేజీలో నోరు విప్పి మాట్లాడుతున్నాడు.

ఆ మొదటి కుర్రాడి సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి ఏడాది గడువుకు ముందే ఫారం నింపాము. బడి నుంచి తెచ్చుకున్న రికార్డు షీటును వాళ్ళమ్మ ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచి ఉంచింది. పరీక్ష రాశాడు. తెలుగుతో సహా నాలుగు సబ్జెక్టులు గట్టెక్కాయి. తప్పింది ఒక్కటే. లెక్కలు. నవ్వకండి, మాస్టారు నేనే. బీజగణితం దగ్గర ఇద్దరం కలిసి ఓడిపోయాము. ఇప్పుడు తాపీపనికి వెళుతున్నాడు. సాయంత్రం చేతులకు సిమెంటుతోనే వచ్చి కూర్చుంటాడు. ఆదివారం చిన్నపిల్లలకు ఎక్కాలు తనే చెబుతాడు. ఈసారి పరీక్షకు ఫీజు కట్టేశాము. గడువు తేదీ నేను నా గోడ మీద రాసుకున్నాను.

అల్లాహ్ ఇల్లు వదిలి వచ్చిన ప్రతి ఒక్కరికీ నీడ ప్రసాదించుగాక. దారి తెలిసిన మనకు దారి చూపే మనసు, చివరిదాకా వెంట నడిచే ఓపిక ప్రసాదించుగాక. మీ దానాలను స్వీకరించి, మీ పిల్లల్ని పదిమందికి తోడుగా నిలబెట్టుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.